ముద్ర పడని రెండు పేజీలు

మా గ్రంథాలయంలో ఇంతవరకు ఒక్క పుస్తకం కూడా దొంగల పాలు కాలేదు. చదువుకోవడానికి కూడా ఎవరూ పట్టుకెళ్ళలేదనుకోండి, అది వేరే సంగతి. బయట 'ప్రాచీన ముద్రిత గ్రంథ సంరక్షణాలయము' అని పెద్ద బోర్డు ఉంది. లోపల నేనున్నాను. పేరు బమ్మిడి కూర్మారావు, హోదా రికార్డు అసిస్టెంటు, పని ముద్రలు వేయడం.

ముద్ర వేయడమంటే అల్లాటప్పా వ్యవహారం అనుకోకండి. పుస్తకం మొదటి పేజీ మీద వేసిన ముద్రని దొంగ చింపేస్తాడు. అందుకని ప్రతి గ్రంథాలయానికీ ఒక రహస్య పేజీ ఉంటుంది. అక్కడ చడీచప్పుడు లేకుండా ఇంకో ముద్ర కొట్టి ఊరుకుంటాం. మా రహస్య పేజీ ముప్పై ఏడు. ఆ సంగతి మా ఆఫీసులోవాళ్ళకీ, ఎదురుగా ఉన్న టీకొట్టువాడికీ తప్ప మూడో కంటికి తెలియదు.

ఇలా హాయిగా కాలక్షేపం అవుతున్న రోజుల్లో లెంక దాలినాయుడు గారు ఒక నల్లటి ఇనప్పెట్టె రిక్షాలో వేసుకుని మా గుమ్మం ముందు దిగారు. ఆయన రిటైరైన రైలు గార్డు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, నిలబడితే ఇప్పటికీ జెండా ఊపడానికి నిలబడ్డట్టే ఉంటారు. పెట్టె మూత తీశారు. లోపల అరవై మూడు పుస్తకాలు. అన్నీ పద్దెనిమిదో శతాబ్దంలో అచ్చయినవి, అన్నీ యుద్ధాల గురించినవే. కోట ముట్టడి ఎలా వేయాలి, ఫిరంగి ఎలా కడగాలి, సిపాయి ఏ కాలు ముందు పెట్టాలి, ఏ దండయాత్రలో ఎవడు పారిపోయాడు, అన్నీ ఉన్నాయి. కలకత్తా బండి మీద డ్యూటీ పడినప్పుడల్లా అక్కడి ఫుట్‌పాత్ దుకాణాల్లో ఏరుకున్నారట. కొన్ని మద్రాసులో. నాలుగైదు మాత్రం ఒక జమీందారు గారి గుర్రాలశాలలో, ఎలకల నోట్లోంచి లాక్కున్నవి.

"సూడు బావూ ఈ కాయితం," అని ఒక పేజీ నా వేళ్ళ మధ్య పెట్టారు. "గుడ్డ పీలికలతోటి సేసింది. రెండొందల యాభై యేళ్ళయింది. మీ ఆఫీసు కాయితం రెండేళ్ళకే పసుపెక్కిపోద్ది."

"మా కాగితం మీద ఎవరూ ఏమీ రాయరు లెండి," అన్నాను.

"ఇవి ఉన్నవి ఉన్నట్టుగా ఉండాల. ఇంకేటీ ఒద్దు నాకు."

ఉన్నవి ఉన్నట్టుగా ఉంచుతామని రసీదు మీద రాసి ఇచ్చాను. అరవై మూడు పుస్తకాలకూ అరవై మూడు నంబర్లు వేయడానికి బద్ధకించి, పెట్టె మొత్తాన్ని ఒకే నంబరు కింద రిజిస్టర్లో ఎక్కించాను. బద్ధకం కూడా ఒక్కోసారి పుణ్యం కట్టబెడుతుందని నాకు అప్పటికి తెలియదు.

వెళ్ళేముందు ఆయన ఒక పుస్తకాన్ని విడిగా తీసి చూపించారు. ఒక తెల్ల లెఫ్టినెంటు తన దండయాత్రల గురించి రాసుకున్నది. నాలుగు వందల పన్నెండు పేజీలు. మధ్యలో మడతలు విప్పి చూసుకునే కోట పటం. ఆ కోట ఉన్నది దాలినాయుడు గారి సొంతూరు నీలగెడ్డలో. ఇప్పుడు కోట లేదు, గోడ రాళ్ళు తీసుకెళ్ళి అందరూ ఇళ్ళు కట్టేసుకున్నారు. మిగిలింది ఒక్క మాటే. ఆ కోట గుమ్మం కాపలా లెంకవారిది. శత్రువు వచ్చినప్పుడు తలుపు తీసి లోపలికి పిలిచింది లెంకవాడేనని ఊరంతా అనుకుంటారు. అందుకని వాళ్ళని ఇంటిపేరుతో ఎవరూ పిలవరు, 'తలుపు తీసినోళ్ళు' అంటారు. పెళ్ళివారు విడిదికి వస్తుంటే గుమ్మంలో నిలబడి ఆహ్వానించే పని పాలేరుకైనా చెబుతారు గాని లెంకవారికి చెప్పరు.

"నా పెళ్ళినాడు కూడా నన్ను ఎనక్కి లాగీసినారు బావూ, మా మావ ఇంటి గుమ్మం కాడ. నవ్వులాటకే. నవ్వులాటైనా నాకు అది పోలేదు." అందుకని ఆ ముట్టడిని కళ్ళారా చూసినవాడు రాసిన పుస్తకం కోసం ముప్పై ఏళ్ళు వెతికారట. ఆఖరికి దొరికింది.

"మరి తలుపు ఎవరు తీశారని రాశాడు?" అన్నాను ఆత్రంగా.

ఆయన మూడు వందల ఐదో పేజీ తిప్పి చూపించారు. నిచ్చెనలు సిద్ధం చేశారు, తెల్లవారింది, అని ఉంది అక్కడ. దాని తరవాత కనిపించేది మూడు వందల ఎనిమిది. ఆ కాలంలో పెద్ద కాగితం మీద అచ్చొత్తి, మడతలు పెట్టి, అలాగే కుట్టేసేవారు. కొనుక్కున్నవాడు చాకుతో అంచులు కోసుకుంటూ చదువుకోవాలి. దీన్ని కొన్న దొరగారు అన్నీ కోసి ఈ ఒక్క మడత వదిలేశాడు. భోజనానికి పిలుపు వచ్చిందో ఏమో. మూడు వందల ఆరు, మూడు వందల ఏడు పేజీలు ఆ మడత లోపల మూతపడి ఉన్నాయి.

"ఇది నా కాడ పదకొండేళ్ళుంది. కొయ్యలేదు," అన్నారు.

"అయ్యో, ఎందుకని?"

"కోస్తే, అవునని ఉందనుకో? ఇప్పుడైతే జనం అంటన్న మాటే గదా. అచ్చులో ఉంటే ఇంకేటి సేస్తాం? అలాగని సూడకుండా సచ్చిపోడానికీ మనసొప్పదు. మీకాడ ఉంటే మంగలారం మంగలారం వచ్చి సూసుకుంటాను. ఎప్పుడో ధైర్యం వస్తాది."

సరేనన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ రోజు అన్నం తింటున్నంతసేపూ నాకు ఆ మడత గుర్తుకొస్తూనే ఉంది.

రెండు నెలలకి ఆఫీసులో గగ్గోలు పుట్టింది. పశువైద్యం మీద లావుపాటి పుస్తకం ఒకటి కనిపించలేదు. మా ఉపసంచాలకులు దివాకర ప్రసాద్ గారు మూడు రోజులు నిద్రపోకుండా ఆలోచించి సర్క్యులర్ జారీ చేశారు. నాలుగో రోజు ఆ పుస్తకం ఆయన గదిలోనే, బీరువా కుంటికాలు కింద దొరికింది. అయితే సర్క్యులర్ అప్పటికే వెళ్ళిపోయింది. పుస్తకం వెనక్కి వస్తుంది గాని సర్క్యులర్ రాదు కదా.

అందులో ఇలా ఉంది: "గ్రంథము ఎంత అపురూపమో చోర ప్రమాదము అంత అధికము. చోర ప్రమాదము ఎంత అధికమో ముద్రలు అంత అధికము కావలెను. కావున క్రీ.శ. 1800కు పూర్వపు గ్రంథములందు ప్రతి పేజీయు రహస్య పేజీగా పరిగణింపబడవలెను."

అలాంటి పుస్తకాలు మా దగ్గర దాలినాయుడు గారివే. నేను సాసరంత ముద్ర, లీటరు సిరా దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. మొదట అంచుల్లో వేశాను. ఉపసంచాలకులు గారు చూసి పెదవి విరిచారు.

"కూర్మారావ్, దొంగవానికి కత్తెర ఉండదా?"

"ఉంటుంది సార్."

"అంచులు కత్తిరించి మధ్యభాగమును అపహరించిన యెడల బాధ్యత ఎవరిది?"

మధ్యలో వేశాను. అక్షరాల మీద పడ్డాయి. పటాల మీద కూడా వేశాను. ఎడమ పక్క ఒక సైన్యం, కుడి పక్క ఒక సైన్యం, నడుమ మా ముద్రలు పడేసరికి మూడో సైన్యం ఏదో దిగినట్టు కనిపించింది. నా చేతులు నీలంగా మారాయి. ఇంట్లో మా ఆవిడ పప్పు వడ్డించడానికి కూడా దూరంగా నిలబడేది.

మంగళవారం దాలినాయుడు గారు వచ్చారు. పుస్తకం తెరిచారు. చాలాసేపు పేజీలు తిప్పారు.

"ఇదేటి బావూ ఇలగ సేసీసినారు?" అన్నారు. గొంతు పెద్దది చేయలేదు. చేసినా బాగుండేది.

ఆయన్ని ఉపసంచాలకులు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కుర్చీ చూపించి ఎంతో మర్యాదగా చెప్పారు.

"నాయుడు గారూ, ఇది మీ సేకరణకు లభించిన గౌరవము. ఈ సంస్థలో ఇన్ని ముద్రలు పొందిన గ్రంథములు వేరే లేవు."

"సదవడానికి అవడం లేదండి."

"సంరక్షణ మా బాధ్యత. పఠనము వేరే శాఖ."

"ఉన్నవి ఉన్నట్టుగా ఉంచుతామని రసీదు మీద రాసినారు గదండీ."

"ఉంచితిమి గదా. ఒక్క పేజీ అయినా ఎటూ పోలేదు. పోనివ్వము కూడా."

దాలినాయుడు గారు లేచి, వాడుక కొద్దీ ఒక నమస్కారం పెట్టి, వెళ్ళిపోయారు. గేటు దగ్గర నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ మడత కోసీనారా?" అని మాత్రం అడిగారు. లేదన్నాను. నిజంగానే లేదు. తెరుచుకున్న పేజీల మీదే వేశాను.

కాని లెక్క అనేది ఒకటుంటుందిగా. ప్రతి ముద్ర పక్కనా నేను పొడి సంతకం పెట్టాలి. దాన్ని తనిఖీ చేసిన సూపరింటెండెంటు గారు 'తనిఖీ చేయబడినది' అని ఇంకో ముద్ర వేయాలి. ఆ తనిఖీలో నాలుగు వందల పన్నెండు పేజీల పుస్తకానికి నాలుగు వందల పది ముద్రలే తేలాయి. ఉపసంచాలకులు గారు నన్ను పిలిపించారు.

"తక్కిన రెండు ముద్రలు ఏమైనవి?"

నేనేదో వాటిని ఇంటికి పట్టుకెళ్ళినట్టు అడిగారు. మడత సంగతి చెప్పానా, కోసి వేయమంటారు. నా ఇరవై మూడేళ్ళ సర్వీసులో అధికారి ముందు అబద్ధం ఆడింది ఆ ఒక్కసారే. "అట్ట మీద వేయడం మర్చిపోయాను సార్," అని, తోలు అట్టకి అటొకటి ఇటొకటి కొట్టి నాలుగు వందల పన్నెండు చేశాను. అందరూ సంతోషించారు.

ఆ తరవాత ముగ్గురు నిపుణులతో వయోనిర్ధారణ సంఘం వచ్చింది. అపురూప గ్రంథాల వయసు ధ్రువపరిస్తే తప్ప వాటికి అద్దాల బీరువా ఇవ్వరు. వాళ్ళు భూతద్దాలు పెట్టుకుని రెండు రోజులు చూసి నివేదిక ఇచ్చారు. "గ్రంథములందలి సిరాలో ప్రాచీన సిరా నూటికి ముప్పై ఎనిమిది పాళ్ళు, నూతన సిరా అరవై రెండు పాళ్ళు. కావున ఇవి ప్రధానముగా ఇరువది ఒకటవ శతాబ్దమునకు చెందినవి. రచయిత: బి. కూర్మారావు."

నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు. చూసుకున్నాక సంతోషం మాత్రం రాలేదు.

అపురూపం కాని పుస్తకాలకి మా దగ్గర చోటు లేదు. తొలగించమని ఆర్డరు వచ్చింది. తొలగించే ముందు నంబరుకి ఒకటి చొప్పున, ఖాళీ స్థలంలో, స్పష్టంగా 'రద్దు' అని ముద్ర వేయాలి. అరవై మూడు పుస్తకాలూ తిరగేశాను. ఒక వేలిముద్ర పట్టేంత ఖాళీ కూడా లేదు. "ముద్ర తరువాత వేయబడును" అని రిజిస్టర్లో రాసి, పెట్టెతో సహా పాత కాగితాల దుకాణానికి తోలించారు.

నేను సైకిల్ మీద, మా టౌన్లోనే ఉంటున్న దాలినాయుడు గారింటికి పరిగెత్తాను. ఆయన ఇంట్లో ఉన్న పాత దినపత్రికలన్నీ మూటకట్టుకుని దుకాణానికి వచ్చారు. ఏ బరువుకా బరువు మార్చుకుందామని. దుకాణదారు ఎగిరి గంతేశాడు. "పట్టుకుపో తాతా, పుణ్యముంటాది. బజ్జీల బండోడికి నాలుగిచ్చాను, సిరా బజ్జీలకి అంటుకుంతందని తిట్టి ఎనక్కిచ్చీసినాడు," అన్నాడు. అరవై మూడూ మళ్ళీ పెట్టెలోకి చేరాయి. లెఫ్టినెంటు పుస్తకం మాత్రం ఆయన పెట్టెలో పెట్టలేదు, చేత్తోనే పట్టుకుని, అన్నిటినీ సొంతూళ్ళో మనవడి దగ్గర దాచుకుందామని నీలగెడ్డ బస్సు కోసం బస్టాండులో కూర్చున్నారు.

మా ముద్రలు రోడ్డు అవతలినుంచి కూడా కనిపిస్తాయి. ఒక కానిస్టేబులు చూశాడు. 'ఈ ముద్ర గల గ్రంథము ఎవరివద్ద కనిపించినను తెలియజేయుడు' అని బస్టాండులో మేమే కాగితం అంటించాం. గంటలో దాలినాయుడు గారు, పెట్టె, ఎస్సై హైమావతి గారు మా ఆఫీసులో ఉన్నారు.

ఉపసంచాలకులు గారి ముఖం వెలిగిపోయింది.

"పథకము ఫలించినది! ఆరు మాసములలో తొలి చోరుడు!"

"సార్, ఇవి ఈయన మీకిచ్చినవే, మీరు పారేసినవే అంటున్నాడీయన," అంది ఎస్సై గారు.

"పారవేయలేదు. తొలగింపు ప్రక్రియలో ఉన్నవి. రద్దు ముద్ర పడనంతవరకు ప్రభుత్వ ఆస్తియే."

"అయితే వేసేయండి, ఓ పనైపోద్ది."

"స్థలము లేదు."

ఎస్సై గారు పుస్తకాలు తిరగేసి, నిజంగానే లేదని ఒప్పుకుంది. "పెద్దాయనా, కేసు రాయాలి మరి. నాకు మాత్రం సరదానా," అంది. గొంతులో జాలి ఉంది గాని చేతిలో కలం కూడా ఉంది.

దాలినాయుడు గారు పుస్తకాన్ని గుండెకి ఆనించుకుని, "తలుపు తీసినోలు ఇంక పుస్తకాలు కూడా దొంగిలించినారంటారు ఊర్లో. మా మనవడు ఆ ఊరి బళ్ళోనే మేస్టరు పని సేస్తన్నాడు తల్లీ," అన్నారు.

అప్పుడిక నోరు మూసుకుని కూర్చోవడం నావల్ల కాలేదు. "సార్, నంబరు ఒక్కటే. పెట్టె మొత్తానికి ఒక్క రద్దు ముద్ర చాలు. ఖాళీ స్థలం కూడా ఉంది. రెండు పేజీలు," అన్నాను. అని దాలినాయుడు గారి వైపు చూశాను. ఆయన రహస్యం నేను బయటపెట్టేశాను. నన్ను చీవాట్లు పెడతారేమో అనుకున్నాను.

ఆయన పుస్తకాన్ని బల్ల మీద పెట్టి మడత దగ్గర తెరిచారు. ఆ తరవాత చెయ్యి చాపారు. "సాకు ఇయ్యి బావూ. నానే కోస్తాను."

ఉత్తరాలు కోసే చాకు ఇచ్చాను. ఆయన కోత తిన్నగా సాగింది. కాగితం విచ్చుకుంది. లోపల రెండు పేజీలు, నిన్న అచ్చయినట్టు తెల్లగా ఉన్నాయి. గదిలో అందరం వంగి చూశాం. ఆయన పెదవులు కదుపుతూ చదివారు. సగం చదివాక కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ మొదటినుంచి చదివారు.

"ఏముంది తాతా?" అంది ఎస్సై గారు, ఆగలేక.

"తలుపు ఎవులూ తియ్యలేదు తల్లీ." ఆయన వేలు పెట్టి ఒక్కో వాక్యం మా భాషలోకి తిప్పి చెప్పారు. కోటలో ఫిరంగిమందు గది నిండా ఉంది. గిడ్డంగి అధికారి మాత్రం రాజముద్ర లేని చీటీకి మందు ఇవ్వనన్నాడు. ముద్ర ఉన్న దివాను ముందురోజే పారిపోయాడు. అందుకని మూడు గంటలసేపు తెల్లసిపాయిల మీద ఒక్క గుండు కూడా పడలేదు. వాళ్ళు తాపీగా నిచ్చెనలు వేసుకుని గోడ ఎక్కి లోపలికి దిగారు. గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి కాపలావాడు ఒక్కడే తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. 'అతడు కూలిన తరువాత గడియలు మేమే విప్పుకున్నాము' అని లెఫ్టినెంటు రాశాడు.

"మా లెంకోడు," అన్నారు దాలినాయుడు గారు. "కదల్లేదు సూసినారా. ఒక్కడే అయినా కదల్లేదు." అని ఏడ్చేశారు. నాకూ కళ్ళు చెమర్చాయి.

ఉపసంచాలకులు గారు కూడా శ్రద్ధగా విన్నారు. తల ఆడించారు. "ఆ గిడ్డంగి అధికారి నిబంధనను అక్షరాలా పాటించెను. అటువంటి సిబ్బంది ఈ రోజులలో దొరకరు," అని, బల్ల సొరుగులోంచి రద్దు ముద్ర తీసి నాకందించారు. "ఊఁ, కూర్మారావ్. మూడు వందల ఆరు. మధ్యలో."

ఆ లెఫ్టినెంటు రాసిన మాటల మీద, ఆ కాపలావాడి మీద పడాలి నా ముద్ర. దాలినాయుడు గారు పేజీ మీద అరచెయ్యి పరిచేశారు.

"ఒద్దు బావూ. నన్ను దొంగనే రాసుకోండి. తల్లీ, రాసీయి. ఈ పేజీ మీద మాత్రం ఎవులూ ఏటీ ఎయ్యొద్దు."

"సమయము వృథా చేయకుము," అన్నారు ఉపసంచాలకులు గారు. ఇంతలో ఫోను మోగింది. పత్రికవాళ్ళు. తొలి చోరుడి గురించి. ఆయన గోడవైపు తిరిగి పథకం విశేషాలు చెప్పడం మొదలుపెట్టారు.

నాకు సిగ్గేసింది. ఇరవై మూడేళ్ళుగా ఎక్కడ కొట్టమంటే అక్కడ కొట్టినవాడిని, ఎక్కడ కొట్టకూడదో ఒక్కసారైనా ఆలోచించలేదు. ముద్రని సిరాలో బాగా అద్దాను. ధన్ మని కొట్టాను. ఆయన అరచేతి వెనక పడింది. ముసలి చర్మం మీద, నరాల మీదుగా, గుండ్రంగా: రద్దు.

ఉపసంచాలకులు గారు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "పడినదా?" అన్నారు.

"పడింది సార్."

"ఖాళీ స్థలమందేనా?"

"అంతకుముందు అక్కడ ఏ ముద్రా లేదు సార్."

"స్పష్టముగా?"

"చాలా స్పష్టంగా సార్."

రిజిస్టర్లో సంతకం చేసేశారు. ఎస్సై గారు కలం జేబులో పెట్టుకుని, కిటికీలోంచి బయట ఏదో చూస్తున్నట్టు ముఖం తిప్పుకుంది. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. పెట్టె రిక్షా ఎక్కించింది కూడా ఆవిడ కానిస్టేబులే.

మా ఆఫీసు సిరా గట్టిది, పది రోజుల దాకా పోదు. ఆ వారంలోనే నీలగెడ్డలో ఒక పెళ్ళికి నన్ను పిలిచారు. వెళ్ళేసరికి విడిది గుమ్మంలో తెల్లపంచె కట్టుకుని దాలినాయుడు గారు నిలబడి ఉన్నారు. వచ్చినవాళ్ళందరికీ రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెడుతున్నారు. మూడు వందల ఆరో పేజీని ఊళ్ళో అప్పటికి నాలుగు చోట్ల చదివి వినిపించారట. పెళ్ళికొడుకు తరఫు ముసలాయన ఒకడు ఆ చెయ్యి పట్టుకుని, నీలంగా ఉన్న ముద్రకేసి విడ్డూరంగా చూశాడు.

"ఇదేటి దాలినాయుడూ, సేతి మీద?"

"మా ఇంటిమీద ఒక మాట ఉండేది గదా," అన్నారు ఆయన. "రద్దయిపోనాది. గవర్నమెంటోలే ముద్రేసి ఇచ్చినారు."

అని పక్కకి జరిగి, రెండు తలుపులూ బార్లా తీసి, పెళ్ళివారిని లోపలికి రమ్మన్నారు.